అల్లుడుగారు అడగని ప్రశ్న

పసిదానికి నీళ్ళు పోస్తూండగా నా ఎడమకాలు పోయింది. పోయిందంటే తెగిపడలేదు. కళ్ళెదురుగానే, నూనె మరకలతో, చక్కగా చాపుకుని ఉంది. కానీ అది నాదేనన్న సంగతి నాకు తెలియడం మానేసింది.

మెల్‌బోర్న్‌కి పడమటగా టార్నీట్‌లో మా అమ్మాయి ఇల్లు. పురుడు పోయడానికి వచ్చాను. పెద్దాపరేషన్ చేసి తీశారు పిల్లని. కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి కాబట్టి అమ్మాయి వంగకూడదు, బరువులెత్తకూడదు. నేను గోదావరి జిల్లాలో బళ్ళో లెక్కలు చెప్పి రిటైరైన మనిషిని. మా ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఉన్నది ఒక్కత్తే కూతురు. మనవరాలికి నా చేత్తో నీళ్ళు పోయాలన్న ఒక్క సరదా కోసం అంత దూరం విమానంలో కాళ్ళు ముడుచుకుని కూర్చుని వచ్చాను.

వచ్చి చూస్తే మా అమ్మాయి ఇంట్లో స్నానాలగదికి తూము లేదు! గదంతా పలకలు పరిచి, ఓ మూల అద్దాల పెట్టె ఒకటి కట్టి, నీళ్ళన్నీ అందులోనే పడాలంటారు. బయట చెంబెడు నీళ్ళు ఒలికితే గుడ్డ పెట్టి ఒత్తుకోవడమే. ఇదేం కట్టుబడి అని మొదటిరోజే ముక్కున వేలేసుకున్నాను.

"అమ్మా, బేబీ బాత్ టబ్ కొన్నాం కదా. బెంచ్ మీద పెట్టుకుని నిలబడి చేయించెయ్. నీ బ్యాక్‌కి కూడా ఈజీ" అంది అమ్మాయి.

"టబ్బులో ముంచి తియ్యడానికి అదేమన్నా బంగాళాదుంపా?" అన్నాను.

పీట లేదు. చంటిపిల్లలు ఎక్కి చేతులు కడుక్కునే ప్లాస్టిక్ స్టూలు ఒకటి తెచ్చారు అల్లుడుగారు. దాన్ని ఆ అద్దాల పెట్టెలో మూలకి వేసుకుని, చీర మోకాళ్ళ పైకి దోపుకుని, కాళ్ళు ఏటవాలుగా చాపేదాన్ని. పాదాలు రెండూ తలుపు దాటి బయటికి వచ్చేవి. పిల్లని కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టి నూనె మర్దనా చేసి, సున్నిపిండితో నలుగు పెట్టి, వేణ్ణీళ్ళు పోసేదాన్ని. బకెట్టు పెట్టడానికి నా వెనక తప్ప చోటు లేదు. చెంబు ముంచాలంటే నడుం మెలితిప్పి వెనక్కి తిరగాలి, మళ్ళీ అంతా ముందుకి వంగాలి. నడుం పట్టేస్తూనే ఉంది. రాత్రిళ్ళు మందు రాసుకుని పడుకునేదాన్ని. కూతురికి చెప్తే టబ్బు తీస్తుందని చెప్పలేదు.

ఆ పొద్దున చెంబు ముంచి ఇటు తిరిగానో లేదో నడుంలో పటుక్కుమంది. మెరుపు లాంటి నొప్పి ఒకటి పిరుదు మీదుగా మడమదాకా దిగిపోయింది. కెవ్వుమనాలి నిజానికి. కాళ్ళ మీద పిల్ల ఉంది, ఉలిక్కిపడితే జారిపోతుంది. పళ్ళబిగువున అలాగే కూర్చున్నాను. అప్పుడే పిల్ల ఉచ్చ పోసింది. కుడికాలికి వెచ్చగా తగిలింది. ఎడమకాలి మీద కూడా ధారగా కారడం చూస్తున్నాను. నా కళ్ళతో నేను చూస్తున్నాను. కాలికి మాత్రం ఏమీ తెలియడం లేదు. వేరే ఎవరి కాలి మీదో కారుతున్నట్టు ఉంది.

చేత్తో గిల్లి చూసుకున్నాను. లేదు. గోటితో రక్కాను. లేదు.

"అమ్మలూ, పిల్లని తీసుకోవే! తొందరగా!" అని అరిచాను.

అమ్మాయి కుట్లు పట్టుకుని పరుగెత్తుకొచ్చి పిల్లని అందుకుంది. నేను లేవలేకపోయాను. మేడ మీద చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఆఫీసు మీటింగులో ఉన్న అల్లుడుగారు కిందికొచ్చి, ఎటో గోడవైపు చూస్తూ, నా చంకల కింద చేతులు వేసి లేవదీశారు. వాళ్ళ పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన చెయ్యి నాకు తగలడం అదే మొదటిసారి.

ఈ ముక్క కొంచెం విప్పి చెప్పాలి. మా అమ్మ మా ఆయనతో ఎదురుపడి మాట్లాడి ఎరగదు. తలుపు చాటున నిలబడి, "మరి కాస్త పప్పు వడ్డించమంటారేమో కనుక్కోవే" అని నాతో అనేది, ఆయన అక్కడే వింటూ ఉండేవారు. నేను అంత కాదు. ఉద్యోగం చేసినదాన్ని, అల్లుడుగారితో ఎదురుగానే మాట్లాడతాను. కానీ ఏం మాట్లాడతాను? కాఫీ తాగారా, కూరలో ఉప్పు సరిపోయిందా, అమ్మగారూ నాన్నగారూ కులాసాయేనా. ఆయనా అంతే. నెమ్మదస్తుడు, అత్తయ్యగారూ అనకుండా ఒక్క మాట మొదలుపెట్టరు. ఆయన ముందు సోఫాలో కూర్చోవడానికే నాకు ఇదిగా ఉండేది. అలాంటిది, నా ఒంటి సంగతి డాక్టరుకి చెప్పడానికి నాకు దొరికిన నోరు ఆయనది.

అమ్మాయి పసిదాన్ని వదిలి రాలేదు కాబట్టి ఆయనే కారులో పేట క్లినిక్కుకి తీసుకువెళ్ళారు. నేను ఇంగ్లీషు చదవగలను, కొద్దిగా అర్థం చేసుకోగలను. కానీ ఇక్కడివాళ్ళు మాటలు సగం నమిలి మింగేస్తారు, ముక్కలు ముక్కలుగా అందుతాయి. డాక్టరు పెద్దాయన. కాలు ఎత్తించి చూశాడు, సుత్తితో మోకాలి మీద కొట్టాడు. తర్వాత కుర్చీ దగ్గరికి జరుపుకుని అల్లుడుగారిని ఏదో అడిగాడు. వాక్యమంతా అందలేదు గానీ యూరిన్ అన్న మాట మాత్రం శుభ్రంగా నా చెవిన పడింది.

అల్లుడుగారి చెవులు ఎర్రబడ్డాయి. గోడకి తగిలించిన వెన్నెముక బొమ్మ వంక చూస్తూ, "అత్తయ్యగారూ, మిగతావన్నీ మామూలుగానే ఉన్నాయా అని అడుగుతున్నారండి" అన్నారు.

నిజానికి అప్పటికే కుర్చీ మీద కూర్చుంటే కుర్చీ తెలియడం లేదు. కాళ్ళ మధ్యంతా పళ్ళ డాక్టరు మందుసూది పొడిచిన చిగుళ్ళలా మొద్దుబారి ఉంది. ఇది అల్లుడికి చెప్పే మాటా? హవ్వ! నేను పమిట సర్దుకుని, "ఆఁ, అన్నీ మామూలేనని చెప్పండి బాబూ" అన్నాను.

ఆయన అదే చెప్పారు. డాక్టరు వేలు చూపించి మరీ ఇంకేదో గట్టిగా చెప్పాడు. "ఏమన్నా తేడా చేస్తే వెంటనే చెప్పమంటున్నారండి" అని తేల్చారు అల్లుడుగారు. నొప్పి మాత్రలు రాసిచ్చి పంపించారు.

మర్నాటికి ఒంటికి రావడం మానేసింది. కడుపు కింద బరువుగా ఉంటుంది, వెళ్ళి కూర్చుంటాను, రాదు. చిన్నపిల్లలకి చేసినట్టు పంపు తిప్పి ఆ చప్పుడు వింటూ కూర్చున్నాను. నీళ్ళు తక్కువ తాగానేమోనని బార్లీ కాచుకుని తాగాను. తాగిన కొద్దీ పొట్ట ఉబ్బిందే తప్ప ప్రయోజనం లేదు. ఒకటికి పదిసార్లు వెళ్ళడం చూసి అమ్మాయి, "ఏంటమ్మా, ఆర్ యూ ఓకే?" అంది. బాలింతని కంగారు పెట్టడం ఎందుకని, "మాత్రలు వేడి చేశాయే" అన్నాను. అంత తెలివైనదాన్ని నేను.

ఆ మధ్యాహ్నం పథ్యానికి వెల్లుల్లి కారం నూరి డబ్బాకి ఎత్తుతూండగా రెండుకాళ్ళూ ఒక్కసారే మడతపడిపోయాయి. నేలమీద చతికిలపడ్డాను. కారమంతా నా ఒళ్ళో. లేద్దామంటే కాళ్ళు నా మాట వినడం లేదు. అమ్మాయి పిల్లని ఎత్తుకుని గుమ్మంలో నిలబడి నన్ను చూసి ఏడుపు మొదలుపెట్టింది. దాన్ని చూసి పిల్ల. అల్లుడుగారు ఫోను చేస్తే అంబులెన్సు వచ్చింది. యూనిఫాం వేసుకున్న ఇద్దరు ఆడపిల్లలు దిగారు. నా నోట్లో ఓ ఆకుపచ్చ ఈల లాంటిది పెట్టి పీల్చమన్నారు. రెండు పీల్పులకి నొప్పి దూరంగా జరిగి తల తేలిపోయింది. ఇంట్లో పురుడు, నేను వంటింట్లో ఈల పట్టుకుని కూర్చోవడం! నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

ఆస్పత్రిలో చూడటానికి వచ్చిన డాక్టరు చిన్నపిల్ల, మా అమ్మాయి ఈడుది. అల్లుడుగారు మామూలుగా నాకు నోరుగా నిలబడబోయారు. ఆ అమ్మాయి మర్యాదగానే చెయ్యి అడ్డం పెట్టి ఏదో చెప్పింది. ఆయన మొహం మాడిపోయింది.

"అత్తయ్యగారూ, ఇక్కడ ఫ్యామిలీ మెంబర్స్ ట్రాన్స్‌లేట్ చేయకూడదటండి. ఫోన్‌లో తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని పిలుస్తారట. నన్ను బయట వెయిట్ చెయ్యమంటున్నారు" అన్నారు.

నాకు కోపం వచ్చింది. ఇంటి అల్లుణ్ణి బయటికి పొమ్మని ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్ళతో నా సంగతులు చెప్పుకోమంటారా? ఆయన తెర పక్కకి తీసి వెళ్ళిపోయారు. డాక్టరమ్మ ఫోను నా దిండు పక్కన పెట్టింది. అందులోంచి ఆడగొంతు వచ్చింది. తెలంగాణ మాట.

"నమస్తే అమ్మా. నేను ఇంటర్‌ప్రెటర్‌ని. డాక్టరమ్మ ఏం అంటే నేను అదే చెప్త. మీరు ఏం చెప్తే ఆమెకు అదే చెప్త. ఇగ మొదలువెడ్దమా?"

"పెట్టండి" అన్నాను.

"అమ్మా, ఒంటికి మంచిగనే పోతున్నరా? ఆఖరుసారి ఎప్పుడు పోయిండ్రు? మీరు కూసునే జాగల తిమ్మిరి ఉన్నదా? కాళ్ల నడుమ ముట్టుకుంటే మీకు తెలుస్తున్నదా?"

నా చెంప ఛెళ్ళుమన్నట్టయింది. ఇలా అడిగేస్తారా? నా సొంత తల్లి అడగలేదు ఇలా నన్ను. డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకుని ఊరికే నిలబడింది. ఫోనువంక చూశాను. దానికి కళ్ళు లేవు, చెవులు ఎర్రబడవు, రేపు పొద్దున నాకు కాఫీ కప్పు అందించదు.

"నిన్న రాత్రినుంచి రావడం లేదమ్మా" అన్నాను. ఒక్కసారి నోరు తెరిచాక ఇక ఆగలేదు. కుర్చీ తెలియకపోవడం, పంపు తిప్పుకుని కూర్చోవడం, కడుక్కుంటుంటే అది నా ఒళ్ళే కానట్టు ఉండటం, అన్నీ చెప్పేశాను. అవతలి గొంతు గబగబా ఇంగ్లీషులోకి మార్చింది.

డాక్టరమ్మ మొహం నా కళ్ళముందే మారిపోయింది. తెర బయటికి తల పెట్టి ఎవరినో పిలిచింది. ఇద్దరు ముగ్గురు వచ్చారు. సూదిమొనతో కాళ్ళంతా పొడిచి తెలుస్తోందా అని అడిగారు. పొట్టమీద చల్లటి జిగురు రాసి మిషను పెట్టి చూశారు. ఆ తర్వాత ఫోనులో గొంతు, "డాక్టరమ్మ ఎనకకెళ్లి వేలు పెట్టి చూస్తదంట అమ్మా. నరాలు పనిజేస్తున్నయో లేదో గట్లనే తెలుస్తదంట. మీరు సరే అంటేనే చేస్తది" అంది. అయ్యబాబోయ్! ఆ పరీక్ష గురించి ఇంతకంటే రాయను. సరే అన్నాను. ఆమె వేలు ఎక్కడుందో నాకు తెలియలేదు. సిగ్గుతో చచ్చిపోతానని కళ్ళు మూసుకున్నదాన్ని, ఏమీ తెలియకపోయేసరికి భయంతో కళ్ళు తెరిచాను.

గొట్టం వేసి తీస్తే సంచీ నిండిపోయింది. గుహలాంటి స్కానింగు మిషనులో పెట్టి నడుం ఫొటోలు తీశారు. బయటికి తెచ్చేసరికి ఓ పొడుగాటి మనిషి నా మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని ఉన్నాడు. తన పేరు చెప్పి చెయ్యి చాపాడు. ఈయనే ఆపరేషను చేస్తాడట. మా ఊళ్ళో పెద్ద డాక్టరు వస్తున్నాడంటే వార్డంతా లేచి నిలబడుతుంది. ఈయనేమో చొక్కా చేతులు మడుచుకుని, పక్కింటి కుర్రాడిలా కూర్చున్నాడు. మళ్ళీ ఫోను పెట్టారు. అదే గొంతు.

వెన్నెముకలో ఎముకకీ ఎముకకీ మధ్య మెత్తగా డిస్కు అని ఒకటి ఉంటుందట. నాది పగిలి, లోపలి గుజ్జు పెద్ద ముక్కగా బయటికి తోసుకొచ్చి, కాళ్ళకీ మూత్రానికీ వెళ్ళే నరాల కట్టని నొక్కేస్తోందట. ఆ ముక్క తీసేయాలి. ఎప్పుడు అని అడిగాను. "ఇయ్యాలనే అమ్మా. ఇప్పుడే. థియేటర్ తయారు చేస్తున్నరు."

ముహూర్తం లేదు, ఇంటికి వెళ్ళి ఆలోచించుకోవడం లేదు, నలుగురినీ అడగడం లేదు. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఉన్న కాళ్ళు ఎలాగూ ఆడటం లేదనుకోండి.

"చేస్తే తగ్గిపోతుందా?" అన్నాను.

ఆయన నా కళ్ళలోకి సూటిగా చూసి చెప్పాడు. ఫోను కూడా అంతే సూటిగా చెప్పింది.

"నొప్పి తగ్గుతదంట. గని స్పర్శ, ఒంటికి పోవుడు, ఇవి మళ్ల వస్తయని మాటియ్యలేడంట. ఎక్కువసేపు నొక్కుకుపోయినయంట నరాలు. రావచ్చు, సగం రావచ్చు, అసలే రాకపోవచ్చు. అట్లయితే జీవితాంతం గొట్టంతోనే ఉండాల్సి వస్తదంట అమ్మా."

మా దగ్గర ఇలాంటి మాట ఉంటే డాక్టరు మగవాళ్ళని వరండాలోకి పిలిచి గుసగుసగా చెప్తాడు. రోగి దగ్గరికి వచ్చి, "ఏం ఫర్లేదమ్మా, చిన్న ఆపరేషను" అని భుజం తడతాడు. మా ఆయనకి అలాగే చెప్పారు, వరండాలో విన్నదాన్ని నేనే. ఇక్కడ వరండాలో ఉన్నవాడికి ఏమీ తెలియదు. చావుకబురు లాంటిది తెచ్చి నేరుగా నా చేతిలో పెట్టారు. ఇదేం మనుషులురా దేవుడా అని మండిపోయింది. అడిగిందీ నేనే, మండిపడిందీ నేనే. సంతకం పెట్టి, మా అల్లుడుగారిని లోపలికి పిలవండి అన్నాను.

ఆయన వచ్చారు. అప్పటికే బయట డాక్టరమ్మ చెప్పినట్టుంది, మొహంలో నెత్తురుచుక్క లేదు. మంచం కమ్మీ పట్టుకుని నిలబడ్డారు.

"అత్తయ్యగారూ, నిన్న క్లినిక్‌లో డాక్టర్ ఇదే అడిగారండి. యూరిన్ గురించి. నంబ్‌నెస్ గురించి. ఇవి కనుక ఉంటే స్ట్రెయిట్ ఎమర్జెన్సీకి వెళ్ళమని కూడా చెప్పారు. నేను... మిమ్మల్ని ఎలా అడగాలో తెలియక..."

"ఆ ముక్క నాకూ వినపడింది బాబూ" అన్నాను.

ఆయన తలెత్తి నా వంక చూశారు. నేనూ చూశాను. ఆయన అడగలేదు సరే, నేను చెప్పలేదు సరే. ఆయన అడగలేదని నాకూ తెలుసు, నేను చెప్పలేదని ఇప్పుడు ఆయనకీ తెలిసింది. అంత చదువుకున్నవాళ్ళం, ఇద్దరం కలిసి మర్యాద చేసుకుని చేసుకుని నా ప్రాణం మీదకి తెచ్చుకున్నాం. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకు ఆయన్ని తిట్టాలనిపించింది, దగ్గరికి తీసుకోవాలనీ అనిపించింది. రెండూ చెయ్యలేదు. గాజులు తీసి ఆయన చేతిలో పెట్టి, "అమ్మాయికి ఇప్పుడే అంతా చెప్పకండి, పాలు ఎండిపోతాయి" అన్నాను.

కళ్ళు తెరిచేసరికి నడుం దగ్గర కట్టు ఉంది. మెరుపు నొప్పి లేదు! ఉన్నట్టుండి దీపం ఆర్పేసినట్టు పోయింది. సంతోషపడబోయి కాలు తడుముకున్నాను. ఎడమకాలు అలాగే ఉంది, కట్టెలా. కింద గొట్టమూ అలాగే ఉంది.

పొద్దున్నే ఫిజియో అని ఓ కుర్రాడు నాలుగుకాళ్ళ చట్రం తోసుకుంటూ వచ్చి, లేచి నిలబడమన్నాడు. పొరపాటున వేరే మంచం దగ్గరికి వెళ్ళబోయి నా దగ్గరికి వచ్చాడనుకున్నాను. నిన్న సాయంత్రం వెన్ను కోసిన మనిషిని ఇవాళ నిలబెడతారా? మా వీధిలో ఒకావిడకి ఇలాగే చేస్తే నెలల తరబడి చెక్క మీద పడుకోబెట్టారు. నేను అడ్డంగా తలూపాను. వాడు నవ్వుతూనే నిలబడ్డాడు. వాడి మొండితనం ముందు నాది చాల్లేదు. లేచాను. కుడికాలు పలికింది. ఎడమకాలు ఎక్కడ పెడుతున్నానో కళ్ళతో చూసుకుంటూ గుమ్మందాకా వెళ్ళి వచ్చాను.

ఇక అసలు పరీక్ష. గొట్టం తీసేసి చూస్తారు. నా అంతట నాకు వస్తే బతికినట్టు. రాకపోతే మళ్ళీ గొట్టం. మొదటిసారి తీశారు. నర్సు గంటకోసారి తొంగిచూసి బొటనవేలు పైకెత్తి అడుగుతుంది, నేను తల అడ్డంగా ఊపుతాను. పొట్ట బిగిసింది. రాలేదు. మళ్ళీ గొట్టం వేశారు. ఆ సాయంత్రం గోడవైపు తిరిగి పడుకుని ఏడ్చాను. కాలు పోయినా కర్రతో నడుస్తాను. సంచీ కట్టుకుని ఎవరింట్లో పెళ్ళికి వెళ్ళను? ఏ దేవుడి ముందు కూర్చోను? పిల్లని ఒళ్ళో ఎలా పడుకోబెట్టుకోను?

ఒకటి రెండు రోజులు ఆగి మళ్ళీ తీశారు. అల్లుడుగారు ఆఫీసుకి సెలవు పెట్టి వరండాలో కుర్చీలో కూర్చున్నారు. నేను చట్రం పట్టుకుని బాత్‌రూంలోకి వెళ్ళి కూర్చున్నాను. నర్సు పంపు తిప్పి వెళ్ళింది! నేను ఇంట్లో చేసిన పనే. కూర్చున్నాను, కూర్చున్నాను. వస్తున్నట్టు నాకేమీ తెలియలేదు. చప్పుడు మాత్రం వినిపించింది. పంపు చప్పుడేమోనని చెయ్యి చాపి కట్టేశాను. పంపు ఆగింది. చప్పుడు ఆగలేదు.

నర్సు కోసం మీట నొక్కడం మర్చిపోయాను. ఆస్పత్రి గౌను వెనకంతా ఊడిపోతోందన్న ధ్యాస కూడా లేదు. చట్రం తోసుకుంటూ వరండాలోకి వచ్చేశాను.

"బాబూ, వచ్చింది!" అన్నాను, బళ్ళో పాఠం చెప్పే గొంతుతో.

వరండాలో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. అల్లుడుగారు లేచి నిలబడి, "వచ్చిందాండీ? బాగా వచ్చిందా? ఫుల్‌గా?" అని అడిగి, మళ్ళీ కుర్చీలో కూలబడి రెండుచేతులతో మొహం కప్పుకున్నారు. నర్సు పరిగెత్తుకొచ్చి నా వెనక దుప్పటి కప్పింది.

ఇంటికి వచ్చాక వంగకూడదు, మెలి తిరగకూడదు, పాలగిన్నె కంటే బరువైనది ఎత్తకూడదు. కాబట్టి బేబీ బాత్ టబ్బుకి రాజ్యం వచ్చింది. పిల్లకి నీళ్ళు పోసేది ఇప్పుడు అల్లుడుగారు. నేను ఎత్తు కుర్చీలో కూర్చుని, "చంకల్లో రుద్దండి, మెడ కింద మడతలు చూడండి, అదేమన్నా లాప్‌టాపా అంత భయం భయంగా తుడుస్తారు" అని కేకలేస్తూ ఉంటాను. ఆయన కూడా మారారు. అన్నం తింటూ, "అత్తయ్యగారూ, ఇవాళ ఎలా ఉందండి? ఫ్రీగా వస్తోందా?" అని అడిగేస్తారు.

"కెన్ వీ ఈట్ ఫస్ట్, ప్లీజ్? తింటున్నాం ఇక్కడ!" అని అమ్మాయి నెత్తి కొట్టుకుంటుంది.

"తినవే. అడగనీ ఆయన్ని" అంటాను.

కాలు మాత్రం రాలేదు. వారాలు గడిచినా ఎడమకాలు మోకాలి కింద నుంచి కట్టెలాగే ఉండిపోయింది. వేణ్ణీళ్ళు పడ్డా తెలిసేది కాదు. నరం నెమ్మదిగా పాకుతుందనీ, పాకకపోవచ్చనీ చెప్పారు సర్జనుగారు, అలవాటు ప్రకారం నా మొహం మీదే.

ఒక ఆదివారం పొద్దున నా మనసాగలేదు. "కుర్చీలో కూర్చుని కాళ్ళు స్టూలు మీద పెట్టుకుంటాను. వంగను. ఒక్కసారి పిల్లని నా కాళ్ళ మీద పడుకోబెట్టండి" అన్నాను. అమ్మాయి ఒద్దంది. అల్లుడుగారే పిల్లకి నూనె రాసి తెచ్చారు. చీర మోకాళ్ళ పైకి దోపుకున్నాను, ఆయన ముందే. పిల్లని బోర్లా పడుకోబెట్టి, అటూ ఇటూ చేతులు అడ్డం పెట్టి నిలబడ్డారు. కుడికాలి మీద పిల్ల పొట్ట మెత్తగా, బరువుగా ఉంది. ఎడమవైపు పిల్ల ఉందని కళ్ళు చెప్తున్నాయి, అంతే.

అప్పుడు పోసింది ఉచ్చ, దొంగపిల్ల. కుడికాలికి వెచ్చగా తగిలింది. అది ఎప్పుడూ తగిలేదే. ధార ఎడమకాలి మీదకి మళ్ళింది. నేను కళ్ళు మూసుకున్నాను. మోకాలిచిప్ప కింద, ఎక్కడో దూరంగా, వెచ్చగా ఏదో కదిలింది. పిక్క పక్కగా పాకుతూ సగందాకా వచ్చి ఆగిపోయింది. కళ్ళు తెరిచి చూస్తే తడి పాదందాకా ఉంది. కింద సగం నాకు తెలియలేదు. పైసగం తెలిసింది.

"అయ్యో అత్తయ్యగారూ, పాడుచేసేసిందండి" అంటూ అల్లుడుగారు తువ్వాలు అందుకుని వంగారు.

"తుడవకండి బాబూ" అన్నాను. "కాసేపు అలా ఉండనివ్వండి."